మడుగులోని తల్లి

మా పుట్టినిల్లు మంథని. గోదావరీ స్నానమునకు బోవునపుడెల్ల మా యమ్మ నా చేతిని వ్రేళ్ల గుర్తులు పడునంత గట్టిగా బట్టుకొనెడిది. ఏడ్చినను వదలెడిది కాదు. "దూడను మొసలి యీడ్చుకొనిపోయిన రేవిది" అని మాత్రము చెప్పెడిది. నాకు మొసలిమీదను, అమ్మమీదను గూడ కోపమే మిగిలెను.

శీతల దేశములలో పూర్వకాలపు మంచు కరగి వెనుకకు దగ్గగా, పల్లములందు చిన్న సరస్సులు గుంపులుగా నిలిచినవనియు, కొన్నిటిని ప్రభుత్వములు కాపాడుచున్నవనియు చదివితిని. మనకా మంచు లేదు. కాని వేసవిలో గోదావరి సన్నగిల్లగా, ఇసుకతిన్నెల నడుమ లోతైన మడుగులు మిగులును. మంథనికి సమీపమున, శివ్వారము కడనున్న ఎల్ మడుగు అట్టిది. అచ్చటి మొసళ్లకొరకు 1978లో ఆ తావును అభయారణ్యముగా బ్రకటించిరి. ఈ దరి కరీంనగరము, ఆ దరి ఆదిలాబాదు జిల్లాగా నుండెడివి. 2016లో జిల్లాలు విడిపోగా ఈ దరి పెద్దపల్లిలోను, ఆ దరి మంచిర్యాలలోను జేరినవి.

అమ్మ పోయిన మరుసటి యేడు నా కూతురిని వెంటబెట్టుకొని యచ్చటికి బోయితిని. బండమీద నొక మొసలి నోరు తెరచుకొని పడియుండెను. నేను భయపడితిని. అది కోపము గాదనియు, ఒడలి వేడి తగ్గించుకొనుటకే యట్లు చేయుననియు కావలివాడు చెప్పెను. ఆడుమొసలి గట్టున గుంత ద్రవ్వి, ఇరువదియైదు ముప్పది గ్రుడ్లు పెట్టి, రెండు నెలలు కాచుకొనియుండునట. గ్రుడ్లలోని పిల్లల కూత విని, ఇసుక తోడి, వానిని నోట గరచుకొని నీట విడుచునట. అంతటి కోరలుండియు నొక్క గాటైనను పడనీయదట!

సోదరీమణులారా! గజేంద్రుని కథ వినునపుడు మకరిని దూషింపని వారము మనలో నెవ్వరము? 1972 నాటి చట్టము దానిని చంపరాదన్నది. కాని గట్టున నిసుకయే త్రవ్వుకొనిపోయిన, ఆ తల్లి గ్రుడ్లెక్కడ బెట్టును? మన యిండ్లకు వచ్చు ఇసుక యే గట్టునుండి వచ్చినదో యొకమారు విచారింపరాదా?

తిరిగి వచ్చునపుడు రేవులో నా కూతురు "అమ్మా, చేయి నొచ్చుచున్నది" అనెను. చూచుకొంటిని. దాని లేతచేతిమీద నా వ్రేళ్ల గుర్తులు ఎఱ్ఱగా బడియున్నవి.