ఆకాశమల్లెకు చోటెక్కడ?

హైదరాబాదుకు పడమటి దిక్కున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకప్పుడు బండరాళ్ళూ, సీతాఫలం పొదలూ వున్న పల్లెలు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఆ రాళ్ళ మధ్య అద్దాల మేడలు లేచాయి. ఇప్పుడక్కడ రాత్రి అనేదే లేదు. అమెరికాలో తెల్లవారే వేళకు ఇక్కడ దీపాలు వెలిగించి పని మొదలుపెట్టే ఆఫీసులు ఎన్నో వున్నాయి.

ఆ రాత్రి మనుషులకు సరిగ్గా తగిన చెట్టు ఒకటున్నది. అదే ఆకాశమల్లె. పేరులో మల్లె వున్నా ఇది తీగా కాదు, పొదా కాదు. నిటారుగా అరవై, ఎనభై అడుగులు పెరిగే మహావృక్షం. కొందరు దీన్ని కాడమల్లె అంటారు. తెల్లని పువ్వుకు బెత్తెడు కాడ వుంటుంది. నిజానికది కాడ కాదు, పువ్వు గొట్టమే. తేనె ఆ గొట్టం అడుగున దాగి వుంటుంది. చీకటి పడ్డాక పూలు విచ్చుకొని పరిమళాన్ని వదులుతాయి. రాత్రివేళ తిరిగే సీతాకోకచిలుకల వంటి పురుగులు పొడుగాటి తొండాలతో ఆ తేనె తాగిపోతాయి. ఆశ్వయుజం మొదలు మార్గశిరం దాకా ఈ వైభవం సాగుతుంది. తెల్లవారేసరికి చెట్టు కింద తెల్లని తివాసీ పరిచినట్టుంటుంది. ఆ పూల కాడలను దారం లేకుండానే జడలాగా అల్లవచ్చునని ఆడపిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మరి ప్రతి ఇంటి గేటు ముందూ ఒకటి నాటుకుంటే సరిపోదా? సరిపోదు. ఈ చెట్టు కలప పెళుసు. వేళ్ళు లోతుకు పోవు. గాలివానకు కొమ్మ విరిగి పడటం, ఒక్కొక్కప్పుడు చెట్టే ఒరిగిపోవడం కద్దు. పైగా వేళ్ళ నుంచి పిలకలు లేచి చుట్టుపక్కల చొచ్చుకుపోతాయి. ఇక ఇక్కడి నేల సంగతి చెప్పేదేమున్నది! సుమారు 250 కోట్ల యేళ్ళ నాటి నల్లరాయి మీద పలచని మట్టి పొర. చైత్ర వైశాఖాల్లో సుడిగాలి లేచినప్పుడు, కింద నిలిపిన కారు మాట అటుంచి, దారిన పోయే మనిషికే ప్రమాదం. అటువంటి ప్రమాదం ఒక్కటి జరిగితే చాలు, మరునాడే గొడ్డలి వస్తుంది. ఇరుకున నాటిన చెట్టుకు ఆయుర్దాయం తక్కువ.

చలిదేశాల వారికీ ఈ చిక్కు వున్నది. అక్కడ పాప్లర్ జాతిలో ఒక చెట్టు వసంతంలో జిగురు మొగ్గలు విప్పుతూ ఘుమఘుమలాడుతుంది. కాని దాని వేళ్ళు బహుదూరం పాకుతాయి గనుక ఇళ్ళ దగ్గర పెంచక, పార్కులకూ పెద్ద తోటలకూ వదిలిపెడతారు. మన ఆకాశమల్లె శాస్త్రీయనామంలో మొదటి మాట మిల్లింగ్టన్ అనే ఇంగ్లీషు వైద్యుని పేరు మీద వచ్చింది. రెండవ మాట 'హార్టెన్సిస్'. అంటే తోటలకు చెందినది అని అర్థం. చోటు పేరులోనే వున్నది గదా!

ఆ చోటు ఇక్కడ లేకపోలేదు. కొత్తగూడలో 270 ఎకరాలకు పైబడిన కోట్ల విజయభాస్కరరెడ్డి వృక్షోద్యానం వున్నది. గోలకొండకు ఒకనాడు నీళ్ళిచ్చిన దుర్గం చెరువు చుట్టుపట్ల ఖాళీ జాగాలున్నాయి. పెద్ద కంపెనీల ఆవరణల్లో పచ్చిక బయళ్ళున్నాయి. ఇటువంటి విశాలమైన జాగాల్లో పదిపన్నెండు చెట్లు గుంపుగా పెంచితే ఒకదానికొకటి గాలి అడ్డు. మన దేశంలో కాయ పట్టడం అరుదు కాబట్టి వేరు పిలకలే విత్తనమనుకోవాలి. తొలకరిలో గజం లోతు గొయ్యి తీసి, పశువుల ఎరువు కలిపి, చెట్టుకూ చెట్టుకూ ముప్ఫై అడుగుల ఎడం వుంచి నాటాలి. బాటకూ, మేడకూ చెట్టు ఎత్తుకు తగినంత దూరం వుండాలి. రెండు వేసవులు నీళ్ళుపోసి, జంట మొదళ్ళు లేచినప్పుడు ఒకటి తీసివేస్తే చాలు.

పరిమళానికి గోడలు లేవు. చెట్టు నూరడుగుల అవతలున్నా వాసన రోడ్డు మీదకు వస్తుంది. లోపల కంప్యూటరు ముందున్న వారికి కిటికీ తెరుచుకోకపోవచ్చు. గేటు దగ్గర కూర్చున్న కాపలాదారుకూ, కారులో నిద్ర ఆపుకొంటున్న డ్రైవరుకూ, తెల్లవారుజామున రోడ్డు వూడ్చే అమ్మకూ మాత్రం అది తప్పకుండా అందుతుంది.