ఈ గొంతు ఈ అబ్బాయిదేనా?



టీవీలో పాటల పోటీ అంటే మనకు ముందుగా గుర్తొచ్చేది 'పాడుతా తీయగా'. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమం చూస్తూ మీలో చాలామంది పెరిగి ఉంటారు. అమెరికాలోనూ ఇలాంటి పోటీలకు మంచి ఆదరణ ఉంది. అలాంటి ఒక పోటీలో పాడిన కుర్రాడి గురించి ఈ నెల మీతో చెప్పాలనుకుంటున్నాను. అతను ఆ పోటీలో గెలవలేదు. అయినా మా తొమ్మిదో తరగతిలో ఈ ఏడాది ఎక్కువ చర్చ జరిగింది అతని గురించే.

పేరు విల్లీ జోన్స్. ఊరు లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్. 2012లో 'ద ఎక్స్ ఫ్యాక్టర్' అమెరికా పోటీ రెండో సీజన్ ఆడిషన్‌కు వచ్చినప్పుడు అతని వయసు 17. ఎదురుగా జడ్జీలుగా సైమన్ కోవెల్, ఎల్.ఎ. రీడ్, బ్రిట్నీ స్పియర్స్, డెమి లొవాటో. నల్లజాతి కుర్రాడు, ఆ వయసు పిల్లల ఫ్యాషన్. చూసేవాళ్లు ఇతను ర్యాప్ పాడతాడనే అనుకుంటారు. అతనేమో జాష్ టర్నర్ పాడిన 'యువర్ మ్యాన్' అనే కంట్రీ పాట అందుకున్నాడు. బావిలోంచి వచ్చినట్టు లోతైన గొంతు. జడ్జీల ముఖాల్లో ఆశ్చర్యం దాగలేదు. అతన్ని తర్వాతి దశకు పంపించారు.

కంట్రీ అంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో పుట్టిన సంగీతం. గిటార్, ఫిడేలు, బ్యాంజో వాయిద్యాలు. ఇల్లు, పొలం, ప్రేమ, దేవుడు, దూరమైనవాళ్లు, ఇవే ఎక్కువగా పాటల్లో కనిపించే విషయాలు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ దానికి రాజధాని లాంటిది. కంట్రీ గాయకుడు అనగానే అక్కడివాళ్లకు కౌబాయ్ టోపీ పెట్టుకున్న తెల్లజాతి మనిషి కళ్లముందుకు వస్తాడు.

మా క్లాసులో నేను ముందు పాట మాత్రమే వినిపించాను, వీడియో చూపించలేదు. మనుషుల రూపాన్ని ఇంగ్లిష్‌లో వర్ణించడం ఆ రోజు పాఠం. పాడుతున్నది ఎవరో ఊహించి ఐదు వాక్యాలు రాయమన్నాను. దాదాపు అందరూ ఒకే మనిషిని రాశారు: నలభై దాటిన వయసు, గడ్డం, పెద్ద ఒళ్లు, తెల్లవాడు. ఒక అబ్బాయి గుర్రాన్ని కూడా చేర్చాడు. తర్వాత వీడియో పెట్టగానే క్లాసంతా గోల. "డబ్బింగ్ టీచర్, వాడి గొంతు కాదు!" అన్నారు ముగ్గురు నలుగురు.

అప్పుడు వాళ్లకు కొంచెం చరిత్ర చెప్పాను. కంట్రీ పాటల్లో వినిపించే బ్యాంజో మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయి. బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు ఆ వాయిద్యం జ్ఞాపకం కూడా సముద్రం దాటింది. దక్షిణాది పల్లెల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకరి పాటలు ఒకరు నేర్చుకున్నారు. 1920లలో రికార్డు కంపెనీలు వచ్చి, అమ్ముకునే సౌకర్యం కోసం సంగీతాన్ని రెండు జాబితాలుగా విడదీశాయి. నల్లవాళ్లు కొనేందుకు ఒక జాబితా, తెల్లజాతి పల్లె జనానికి ఇంకొకటి. ఈ రెండోదే పెరిగి కంట్రీ అయింది. షాపువాళ్లు కట్టిన గోడను జనం ప్రకృతి కట్టిన గోడ అనుకోవడం మొదలుపెట్టారు.

చార్లీ ప్రైడ్ అనే గొప్ప గాయకుడు మిసిసిపీ పల్లెలో పుట్టిన నల్లజాతి మనిషి. 1966లో ఆయన తొలి పాటలను రికార్డు కంపెనీ ఫోటో లేకుండానే రేడియో స్టేషన్లకు పంపింది. ముఖం చూస్తే పాట వినరేమోనని భయం. విన్నవాళ్లకు నచ్చింది. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆయన్ను ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎంపిక చేసింది. విల్లీ జోన్స్ ఊరు ష్రీవ్‌పోర్ట్ సంగతీ అంతే. 1948లో మొదలైన 'లూసియానా హేరైడ్' అనే ప్రసిద్ధ కంట్రీ రేడియో కార్యక్రమం ఆ ఊరి నుంచే ప్రసారమయ్యేది. ఎల్విస్ ప్రెస్లీ కూడా 1954లో అక్కడ పాడాడు. అంటే ఆ కుర్రాడు తన ఊరి పాటే పాడాడు.

ఇదంతా విన్నాక ఒక అమ్మాయి అడిగింది: "అయితే వాళ్లు ఎందుకు ఆశ్చర్యపోయారు టీచర్?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆశ్చర్యాన్ని మనం పొగడ్తగానే వాడతాం. "అబ్బో, నువ్వా పాడింది!" అంటాం. కానీ అందులో ఇంకో మాట కూడా ఉంటుంది. "నీ నుంచి ఇది అనుకోలేదు." పిల్లలు ఈ రెండో మాటను చాలా స్పష్టంగా వింటారు.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి గొంతు బరువుగా ఉంటుంది. వాళ్లమ్మగారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. జూన్‌లో పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, మా పాపకు పైకి చదివే పని ఇవ్వకండి. చుట్టాలంతా మగరాయుడి గొంతు అంటున్నారు. ఇక్కడ పిల్లలు కూడా నవ్వితే తట్టుకోలేదు" అన్నారు. ఆ తల్లి కోరింది బిడ్డ మంచే. సరేనన్నాను. పాప రాతపనిలో ముందుండేది, పైకి చదవాల్సి వస్తే తల వంచుకునేది.

విల్లీ జోన్స్ పాఠం అయిన వారం తర్వాత, మార్నింగ్ అసెంబ్లీలో వార్తలు చదివేవాళ్ల పేర్లు అడిగితే తనంతట తానే చెయ్యెత్తింది. వాళ్లమ్మగారికి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అదే అడిగిందంటే ఇవ్వండి" అన్నారు. మొదటి రోజు ముందు వరుసల్లో చిన్న పిల్లలు నవ్వారు. తను ఆగి, ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివింది. రెండో రోజు నవ్వు తగ్గింది. మూడో రోజు వెనక వరుసల వరకూ మైకు లేకుండా వినిపించిన గొంతు తనదే అని పీఈటీ సార్ అన్నారు. అంతా మారిపోయిందని చెప్పను. "ఇంట్లో చుట్టాలు ఇంకా అంటూనే ఉన్నారు మేడమ్. కాకపోతే ఇప్పుడది వాళ్లకు తిరిగి సమాధానం చెబుతోంది" అన్నారు వాళ్లమ్మగారు నవ్వుతూ.

ఈ విషయం నాకు ఇంత దగ్గరగా తోచడానికి ఒక కారణం ఉంది. నేను పదో తరగతి దాకా మా మండలంలో ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ మీద ఇష్టం అక్కడి లైబ్రరీలోనే పుట్టింది. బీఈడీ అయ్యాక ఒకచోట డెమో క్లాసు చెప్పినప్పుడు, "సబ్జెక్టు బాగుంది, కానీ మీ మాటలో పల్లె యాస వస్తోంది, పేరెంట్స్ ఒప్పుకోరు" అన్నారు. గ్రామర్‌లో తప్పుంటే దిద్దుకునేదాన్ని. పుట్టిన ఊరిని ఎలా దిద్దుకోవాలి? ఇవాళ మీ పిల్లలకు షేక్‌స్పియర్ కథలు అదే గొంతుతో చెబుతున్నాను. వాళ్లకు అర్థమవుతున్నాయి.

మళ్లీ విల్లీ దగ్గరకు వద్దాం. లైవ్ షోలు మొదలైన తొలి దశలోనే అతను పోటీ నుంచి వెళ్లిపోయాడు. ఆ సీజన్ గెలిచింది కూడా కంట్రీ గాయకుడే, టేట్ స్టీవెన్స్. బాగా పాడాడు, గెలుపుకు అర్హుడే. కాకపోతే ఆయన కౌబాయ్ టోపీ పెట్టుకున్న తెల్లజాతి మనిషి, జనం ముందే గీసుకున్న బొమ్మకు సరిగ్గా సరిపోయాడు. విల్లీ మాత్రం కంట్రీని వదల్లేదు, తను విని పెరిగిన హిప్‌హాప్‌నూ వదల్లేదు. రెండూ కలిపే పాడాడు. తొలి ఆల్బమ్ 'రైట్ నౌ' రావడానికి 2021 దాకా పట్టింది. 2024లో బియాన్సే తెచ్చిన 'కౌబాయ్ కార్టర్' ఆల్బమ్‌లో 'జస్ట్ ఫర్ ఫన్' అనే పాట ఆమెతో కలిసి పాడాడు. ఆ ఆల్బమ్‌కు 2025లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గానూ, ఆ ఏటి ఆల్బమ్‌గానూ గ్రామీ అవార్డులు వచ్చాయి. ఆడిషన్‌కూ ఈ పాటకూ మధ్య పన్నెండేళ్లు. పోటీ ఫలితం ఒక్క సాయంత్రంలో వస్తుంది, పిల్లల ఎదుగుదల అలా రాదు.

వచ్చే నెల యాన్యువల్ డే సెలక్షన్లు. "మా బాబుకు ఇంగ్లిష్ పాట ఇవ్వండి, జానపదం వద్దు" అని కొందరు, "మా పాప నెమ్మది, స్టేజీ వద్దు" అని కొందరు ఇప్పటికే ఫోన్ చేశారు. మీ మాట తీసిపారేయను, పిల్లల గురించి మాకన్నా మీకే ఎక్కువ తెలుసు. ఒక్కటే కోరుతున్నాను. మాకు ఫోన్ చేసే ముందు ఆ మాట పిల్లల్ని అడగండి. బుర్రకథ చెబుతానన్న ఇంజనీరు గారబ్బాయినీ, వెస్టర్న్ పాట పాడతానన్న రైతు గారమ్మాయినీ "నువ్వా?" అనకండి. "ఏదీ, వినిపించు" అనండి. బాగా రాకపోతే బాగా రాలేదని చెప్పండి, దిద్దండి, సాధన చేయించండి. గొంతులో తప్పు వేరు, ఆ గొంతు ఎవరిదన్నది వేరు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఇంకో రెండు నిమిషాలు కూర్చోండి. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మీ పాప, మీ బాబు ఇంట్లో ఏం పాడుకుంటారో, ఏం చేస్తుంటారో నాకు చెప్పండి. నోట్‌బుక్‌లో వాళ్ల పేరు పక్కన రాసుకుంటాను.