మధ్యలో ఆపరాని ఆట

కోవిడ్ తగ్గిన పిమ్మట కర్నూలులో, డీఎస్సీకి చదువుచున్న యువకుడొకడు నిద్రలేమికి చికిత్స కోరి నా యొద్దకు వచ్చి, రాత్రి రెండు గంటలదాక పబ్జీ యాడుచున్నానని దాచక చెప్పగా, రేపటినుండి పూర్తిగా మానివేయుమని శాసించితిని. అతడు తలయూపి వెడలెను, మరల రాలేదు. ఎవరితో నాడుచున్నాడో, ఏ వేళ నాడుచున్నాడో నేనడుగనే లేదు. ఆ తప్పు నన్ను నేటికిని బాధించును.

2020 సెప్టెంబరు 2న ప్రభుత్వము నిషేధించిన యీ యాట 2021 జూలై 2న బీజీఎమ్ఐ యను పేరుతో తిరిగి వచ్చినను, మా సీమలో దానిని పబ్జీ యనియే పిలుతురు.

తరువాత కడపలో నా కడకు వచ్చినవాడు ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారమున షిఫ్టు పనివాడు. తలనొప్పి, కండ్లమంట. వెంట వచ్చిన తల్లి, "ఆ ఫోను బాయిలో పారెయ్యమని సెప్పండి సారూ!" అని కన్నీరు పెట్టుకొనెను. ఈ మారు నేను తొందరపడక ప్రశ్నించితిని. పాలిటెక్నిక్‌లో కలిసి చదివిన నలుగురును నేడు బెంగుళూరు, హైదరాబాదు, కర్నూలు, ఎర్రగుంట్లలో చెదరియుండి, ఆ యాటలోనే ఒక జట్టుగా కలిసికొని, చెవులకు తగిలించుకొన్న ఇయర్‌ఫోనులలో ఇంటి కష్టసుఖములు చెప్పుకొందురట.

నూరుగురు దిగి చివరకొక జట్టు మాత్రమే మిగులు ఆ యాట, పూర్తిగా సాగినచో సుమారు అరగంట పట్టును. చదరంగమువలె నడుమ నిలిపి లేచిపోవుటకు వీలు లేదు, లేచినచో తక్కిన ముగ్గురి యాట చెడును. తల్లి పిలిచినను అతడు లేవకుండుటకు కారణమిదియే. ఇక రాత్రిపూటి సీ షిఫ్టు ముగించి ఉదయము ఆరింటికి దిగినవాడు, మే నెల యెండకు కాగిన బండల మిద్దె క్రింద పగలు నిద్రింపజాలక ఫోను పట్టుకొనుచుండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆట వ్యసనమును రుగ్మతగా గుర్తించిన వర్గీకరణము 2022 జనవరి 1న అమలునకు వచ్చినది గాని, అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలిగినను మానలేకుండుట, సాధారణముగా పండ్రెండు నెలలు జీవితము చెడుట దానికి లక్షణములు. ఇతడు ఒక్క డ్యూటీయైన తప్పలేదు. ఇతనికి కొరవడినది నిద్ర.

కావున నిమిషములు లెక్కింపక మ్యాచులు లెక్కింపుమంటిని. ఉదయపు ‘ఏ’ షిఫ్టు వారమున సాయంకాలము ఏడింటికి రెండు మ్యాచులు, నిద్రకు గంట ముందే ఫోను ప్రక్కన. సీ షిఫ్టు వారమున డ్యూటీకి పోవుటకు ముందు రెండే, తెల్లవారి వచ్చిన పిదప ఒక్కటియు వలదు. మధ్యాహ్నపు బీ షిఫ్టున వారపు సెలవునాడు మాత్రమే. ఈ సంగతి స్నేహితులకు ముందుగా తెలుపుమనియు, రెండవ మ్యాచు మొదలిడునపుడే తల్లికి చెప్పుమనియు, నిద్రించిన గంటలను, ఆడిన మ్యాచులను నోటుపుస్తకమున వ్రాయుమనియు కోరితిని. పగటి నిద్రకు క్రింది గదిలో కిటికీకి తడిగోనె కట్టు బాధ్యత తల్లిదే.

మూడు నెలలకు ఆ పుస్తకము తెచ్చి నా బల్లమీద పెట్టెను. నాలుగున్నర గంటలతో మొదలైన నిద్ర ఆరున్నరకు చేరినది. బీ షిఫ్టు వారములలో ఆటకై గీసిన గడులలో రెండింట మాత్రము, వలదన్న దినములందు, ఒక్కొక్క మ్యాచు వ్రాసియున్నది.