వీధికి తగ్గ వేగం

కొత్త సీసీ రోడ్డు పడిన వీధి నుంచి కొద్ది వారాల్లోనే మున్సిపాలిటీకి ఒక అర్జీ వస్తుంది. స్పీడ్ బ్రేకర్ వేయించమని. గుంతలున్నన్నాళ్లూ బండ్లు చచ్చినట్టు నెమ్మదిగా వెళ్లేవి. రోడ్డు నున్నగా, తిన్నగా వేసి ఇచ్చాక, ఈ మొదట్నుంచి ఆ చివరిదాకా అడ్డంలేకుండా కనపడుతుంటే కుర్రాళ్ల చెయ్యి యాక్సిలరేటర్ మీద ఆగదు. వాళ్లను తిట్టి లాభం లేదు. అంత వేగంగా పోవచ్చని వాళ్లకు చెప్పింది మేం వేసిన రోడ్డే.

మున్సిపల్ ఇంజనీరుగా ఇలాంటి అర్జీ చేతికొస్తే నేను ముందు చేసే పని కొలవడం. రోడ్డు మీద 30 మీటర్ల ఎడంతో రెండు సుద్ద గీతలు గీసి, కరెంటు స్తంభం చాటున స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాను. ఎదురుగా నిలబడితే మనల్ని చూసి బ్రేకు వేస్తారు. ఆ గీత నుంచి ఈ గీతకు 3.6 సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్ల వేగం. రెండు సెకన్లకు కాస్త పైన పడితే 50. స్కూలు వదిలే వేళ ఒకలా ఉంటుంది, రాత్రి తొమ్మిది దాటాక ఇంకోలా ఉంటుంది. సగటు తీస్తే అసలు సంగతి దాగిపోతుంది. నూటికి 85 బండ్లు ఏ వేగాన్ని దాటడం లేదో చూడాలి. ఇళ్ల మధ్య వీధికి ఆ అంకె 30 దాటిందంటే పని ఉన్నట్టే.

30 ఎందుకని అడుగుతారు. చట్టం లెక్క వేరు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ హద్దుల్లో, స్థానికంగా తగ్గిస్తే తప్ప, కారు 70 వరకూ, మోటారు సైకిల్ 60 వరకూ పోవచ్చు. గేటు ముందు ముగ్గు వేసుకునే వీధికి ఆ అంకె ఎలా సరిపోతుంది? బంతి వెనక పిల్లాడు రోడ్డు మీదకొచ్చాడనుకోండి. చూసి, బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు ఒక సెకను పడుతుంది. 30లో వచ్చే కారు ఆ సెకనులో ఎనిమిది మీటర్లు నడిచి, పొడి రోడ్డు మీద మరో అయిదు మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13. అదే 50లో వచ్చే కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట రెండో కారుకు ఇంకా బ్రేకే పడలేదు, పూర్తి వేగంతో ఉంది. అర్జీ పట్టుకొచ్చిన ప్రతి కాలనీ వాళ్లకీ ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లోనే ఊళ్లోని నివాస వీధులన్నిటికీ 30 పెట్టింది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కూడా చెప్పింది.

ఇక బ్రేకర్ సంగతి. మా దాకా రాకుండా జనమే వేయించుకునేవి చాలా ఉంటాయి. ఎవరింటికో స్లాబు వేయగా మిగిలిన కాంక్రీటుతో మేస్త్రీ ఒక గట్టు కట్టేస్తాడు. బండి నడిచే దిశలో మూరెడు వెడల్పు, బెత్తెడు ఎత్తు. దాన్ని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. సన్నటి గట్టు మీద నెమ్మదిగా వెళ్లే బండే ఎక్కువ కుదుపు తింటుంది. వేగంగా వెళ్లేదానికి టైర్లూ స్ప్రింగులూ ఆ దెబ్బను మింగేస్తాయి, సీట్లో ఉన్నవాడికి అంతగా తెలియదు. అంటే నిండు గర్భిణిని ఎక్కించుకుని జాగ్రత్తగా వచ్చే ఆటోకి శిక్ష, దూకుడుగా వచ్చే కారుకి మినహాయింపు. లోపల రోగి ఉన్న 108 బండి అయితే దాదాపు ఆగి దాటాలి.

మేం హంప్ అని పిలిచే బ్రేకర్ సరైన ఆకారాన్ని బ్రిటన్‌లోని రోడ్డు పరిశోధనాలయంలో వాట్స్ అనే ఆయన 1970ల్లో పరీక్షలు చేసి తేల్చాడు. 12 అడుగుల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు, పైన గుండ్రటి వాలు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 మార్గదర్శకాల్లోనూ దాదాపు అదే ఉంది: 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. 25 కిలోమీటర్ల వేగంతో దాటితే హాయిగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ కుదుపు పెరుగుతుంది. న్యాయం అంటే అది.

కాగితం మీద ఇంత తేలిక. వీధిలో మేస్త్రీ అంటాడు, “ఇంత వెడల్పెందుకు సార్, మాలు దండగ.” అతనికి వ్యాసార్ధం లెక్క చెప్పను. అంచున సున్నా, అంచుకీ నడిమికీ సగంలో ఏడున్నర, నడుమ పది అని మూడు అంకెలు చెప్పి, ఆ వంపుకి ప్లైవుడ్ పలక కోయించి చేతికిస్తాను. పలక సరిగ్గా ఆనకపోతే మళ్లీ చెక్కాల్సిందే. తెల్ల పట్టీలు అదే రోజు పడాలి, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డూ అదే రోజు నిలబడాలి. రంగు పడని హంప్ మీదకి రాత్రిపూట స్కూటర్ వస్తే ప్రాణం మీదకొస్తుంది.

కాలవలోకి వాన నీరు పోవడానికి అంచున సందు వదులుతాం. మోటారు సైకిళ్లు సరిగ్గా ఆ సందులోంచే దూరతాయి. అక్కడ చిన్న స్తంభం పాతించాలి. చోటు తేల్చడం ఇంకో పంచాయితీ. వీధికంతటికీ బ్రేకర్ కావాలి, ఎవరి గేటు ముందూ వద్దు. “మా గోడ బీటలిస్తుంది బాబూ, రాత్రంతా లారీల చప్పుడు” అని ఒక పెద్దావిడ నన్ను పట్టుకున్నారు. ఆవిడ చెప్పిన చప్పుడు నిజమే. రెండిళ్ల సరిహద్దు గోడ ఎదురుగా, వీధి దీపం వెలుగు పడేచోట గుర్తు పెట్టాం. హంప్ ఒక్కటే అయితే బండ్లు అక్కడ తగ్గి, దాటగానే అందుకుంటాయి. అందుకే 100 మీటర్ల చొప్పున వరసగా ఉండాలి.

అన్ని చోట్లా హంపే అక్కర్లేదు. మూల మలుపు విశాలంగా ఉంటే కారు తగ్గకుండానే తిరిగేస్తుంది. ఆ మూలను రాళ్లతో కొంచెం ముందుకు జరిపితే స్టీరింగ్ బాగా తిప్పాలి, తిప్పాలంటే తగ్గాలి. నడిచేవాళ్లు రోడ్డు దాటే దూరమూ తగ్గుతుంది. ముందు పెయింటుతో, మొక్కల తొట్లతో కొన్ని వారాలు చూస్తాం. చెత్త ట్రాక్టరు తిరగగలిగితేనే రాయి పాతిస్తాం. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో వీధి మధ్యలోనే చెట్లూ బెంచీలూ పెట్టి కార్లను వంకరగా నడిపించారు. 1976లో అక్కడి చట్టం అలాంటి వీధులకు గుర్తింపు ఇచ్చింది. తోపుడు బండీ, గ్యాస్ ఆటో, మంచం వేసుకుని కూర్చున్న తాతగారూ అందరూ పంచుకునే మన వీధులకి అది పరాయి పద్ధతి కాదని నా నమ్మకం.

ఇప్పుడు కొత్త సీసీ రోడ్ల ఎస్టిమేట్లలోనే హంపులూ, మలుపు రాళ్లూ, రంగూ చేర్చి పంపుతున్నాను. రోడ్డు వేసి, అర్జీ వచ్చాక విడిగా నిధులు వెతికితే ఏళ్లు పడుతుంది. ఇది రోడ్డు పనా, ట్రాఫిక్ పనా అని మొన్న పైనుంచి ప్రశ్న వచ్చింది. రోడ్డు పనే అని, ఆ వీధిలో కొలిచిన వేగాల పట్టిక జతచేసి ఫైలు తిరిగి పంపాను.