వృద్ధమల్లుని సత్తువ

ముదిసిన మల్లుని సత్తువను దేహసౌష్ఠవమును జూచి నిర్ణయించుట తగదని నా యభిప్రాయము. 1980వ సంవత్సరమున 38 ఏండ్ల మహమ్మదాలీ చాంపియన్ పదవికై లారీ హోమ్సుతో ముష్టియుద్ధమునకు రాగా, చిక్కిన నడుమును జూచి యౌవనము మరలెనని పలువురు మురిసిరి. థైరాయిడు మందు మ్రింగిన యా దేహమున సత్తువ లేదు. పది రౌండ్లు ముగియగానే శిక్షకుడు డండీ పోరాపించెను. ఆ చిత్రమును జూచునపుడెల్ల నా మనస్సు కలుక్కుమనును.

1994లో 45 ఏండ్ల జార్జి ఫోర్‌మన్ స్థూలకాయుడై వచ్చియు, పదవ రౌండున మైకేల్ మూరరును గూల్చి పదవి నందెను. కాళ్లవేగము ముందు పోవును. పిడికిటిబలము కడపట పోవును.

కావున చదువరులారా, వృద్ధుడు గెలువగలడా యని యడుగుటకు ముందు, దెబ్బ తప్పించుకొనగలడా యని యడుగుడు. ఆ పరీక్ష లేక బరికి బంపుట వినోదము గాదు, హింస.