హార్న్ మూతి ముచ్చట్లు

ఏమండీ, కాస్త తీరికేనా? అయితే ఇలా రండి. ఫ్రెంచ్ హార్న్ కబుర్లు చెప్పుకుందాం. అదేనండీ, పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో చుట్టలు తిరిగిన ఇత్తడి గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని, వెనక విచ్చుకున్న గంటలోకి కుడిచెయ్యి దూర్చి కూర్చుంటారే, ఆ వాయిద్యం. అందరూ ఆ చుట్టల్నే చూసి మురిసిపోతారు. మురవండి, కాదనను. నా కన్ను మాత్రం రెండో కొస మీద ఉంటుంది. పెదవులకి ఆనించే మౌత్‌పీస్ మీద. రెండున్నర అంగుళాల ముక్క. గుప్పిట మూస్తే కనపడదు. హార్న్ గొంతులో ఆ మెత్తదనం, ఎక్కడో దూరాన్నుంచి వస్తున్నట్టుండే ఆ నిండుదనం ఉన్నాయే, అందులో దీని వాటా తక్కువేం కాదు.

ఎలాగంటారా? ట్రంపెట్ మౌత్‌పీస్ ఒకటి తెచ్చి దీని పక్కన పెట్టండి. రెంటిలోకీ తొంగి చూడండి. ట్రంపెట్‌ది లోపల గిన్నె. అడుగున చటుక్కున చిల్లు. హార్న్‌ది గరాటు. అంచు నుంచి చిల్లు దాకా ఎక్కడా ఆగడం లేదు, జారిపోవడమే. గిన్నెలో స్వరానికి పదునొస్తుంది, మెరుపొస్తుంది. గరాటులో ఆ పదును అణిగి స్వరం చిక్కబడుతుంది. చిల్లు కూడా ఒకటి కాదు. ట్రంపెట్‌కి మామూలుగా 3.66 మిల్లీమీటర్లు. హార్న్‌కి నాలుగున్నర నుంచి ఐదు దాకా.

ఇప్పుడో చిక్కు ప్రశ్న. ట్రాంబోన్ గొట్టం తొమ్మిదడుగులు. దాని మౌత్‌పీస్ లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఎఫ్ హార్న్ గొట్టం సాగదీస్తే పన్నెండడుగులు. మరి దాని మౌత్‌పీస్ ఎంతుండాలి? ముప్పై అంటారా? కాదండీ. 17, 18. అంతే! దాదాపు ట్రంపెట్ అంత. ఆ ట్రంపెట్ గొట్టం చూస్తే నాలుగున్నర అడుగులే. అంత పొడుగు గొట్టానికి ఇంత చిన్న మూతి పెడితే ఏమవుతుంది? గొట్టంలో సహజంగా పుట్టే స్వరాల మెట్లలో హార్న్ ఎక్కువగా పై మెట్ల మీదే తిరుగుతుంది. పైకి పోయేకొద్దీ మెట్లు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి. పెదవి బిగువు వెంట్రుకవాసి తప్పిందా, పక్క స్వరం పలుకుతుంది. ఎంతటి విద్వాంసుడికైనా కచేరీలో గుండె దడ దీనికే. ఈసారి ఎవరి హార్న్ అయినా ఒక్కచోట జారితే విసుక్కోకండి, మీకు దణ్ణం పెడతాను.

పుట్టింట్లో దీని వేషం వేరు. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో గుర్రమెక్కి వేటకి పోయేవాళ్లు ఊదే కొమ్ము ఇది. అప్పటి మౌత్‌పీస్ అంటే రేకు ముక్క. గరాటులా చుట్టి, కలిసినచోట టంకం వేసి, పైన సన్నటి అంచు కట్టేవారు. ఆ అంచు పెదవిని ఎంత కోసేదో ఊహించుకోండి! అయినా ఊదారు. వేట కొమ్ము ఫ్రాన్సులో ఇప్పటికీ బతికే ఉంది, 2020లో యునెస్కో వారసత్వ జాబితాకి కూడా ఎక్కింది. ఎంత సంతోషమో నాకు!

అడవిలోంచి ఆ కొమ్ము సంగీత సభకి వచ్చింది. 1750 ప్రాంతంలో డ్రెస్డెన్‌లో ఆంటన్ యోసెఫ్ హాంపెల్ అనే ఆయన గంటలో చేతిని మూస్తూ తెరుస్తూ, గొట్టంలో లేని స్వరాల్ని పలికించే పద్ధతిని ఒక దారిలో పెట్టాడు. స్వరాలు మార్చే మీటలు రావడానికి ఇంకా అరవయ్యేళ్ల పైనే ఉంది మరి. అప్పటిదాకా చెయ్యీ పెదవీ, మధ్యలో ఈ గరాటూ. ఇంకేం లేవు.

అసలు తమాషా పారిస్‌లో. 19వ శతాబ్దం తొలిరోజుల్లో అక్కడి కన్సర్వేటరీలో హార్న్ వాళ్లు రెండు వర్గాలు. పై స్థాయి వాయించేవాడు కోర్ ఆల్టో, కింది స్థాయి వాడు కోర్ బాస్. ఎవరి మౌత్‌పీస్ వారిది. పైవాడిది ఇరుకు, కిందివాడిది వెడల్పు. హార్న్ విద్వాంసుడు లూయీ ఫ్రాన్స్వా దొప్రా 1824లో అచ్చేసిన పాఠ్యగ్రంథం పేరులోనే ఆల్టో, బాస్ రెండూ ఉన్నాయి. ఫ్రెడరిక్ దువెర్న్వా అనే హార్న్ విద్వాంసుడు మాత్రం అటూ ఇటూ పోకుండా నడుమ స్వరాల్లోనే హాయిగా తిరిగి బోలెడు పేరు తెచ్చుకున్నాడు. పాఠాలు రాసే గురువులకి ఆ పోకడ గిట్టలేదు. బేతోవెన్ 1800లో హార్న్ సొనాటా రాసిచ్చిన జొవాన్ని పుంటో కిందిస్థాయి ఘనుడు. ఆ సొనాటాలో హార్న్ ఎంత లోతుకి దిగుతుందో వింటే ఆయనెవరో తెలిసిపోతుంది. వర్గాలు పోయాయనుకుంటున్నారా? ఇవాళ్టి ఆర్కెస్ట్రాలో నలుగురు కూర్చుంటే ఒకటీ మూడూ పైకి, రెండూ నాలుగూ కిందికి!

రేకు పోయి ముద్ద ఇత్తడి వచ్చింది. లేత్ మీద తిప్పి, లోపల తొలిచి, పైన వెండి పూత. పాత గరాటు కొస దాకా సన్నబడుతూ పోయేది. కొత్తదాంట్లో చిల్లు దాటాక గొట్టం మళ్లీ మెల్లగా విచ్చుకుంటుంది. వెండి పడని పెదవులకి బంగారు పూత కూడా ఉంది. పైఅంచు మరతో ఊడదీసి, నచ్చిన అంచు బిగించుకునే రకాలూ ఉన్నాయి. వియన్నా వాళ్లు మాత్రం తమ పాతకాలపు ఎఫ్ హార్న్‌నీ, దానికి తగ్గ లోతైన గరాటునీ వదల్లేదు. అలా పట్టుబట్టినందుకు నాకు వాళ్లంటే ప్రాణం.

షికాగో సింఫనీలో మొదటి హార్న్ వాయించిన ఫిలిప్ ఫార్కస్ 1956లో హార్న్ వాయించే కళ మీద పుస్తకం రాశాడు. మూడింట రెండొంతులు పైపెదవి, ఒక వంతు కిందిపెదవి మౌత్‌పీస్‌లో ఉండాలంటాడు. అక్కడితో ఊరుకున్నాడా? 1970లో నలభైమంది విద్వాంసుల పెదవుల ఫొటోలతో ఇంకో పుస్తకం! మౌత్‌పీస్ అడ్డుంటే పెదవి కనపడదుగా. అందుకని గరాటు లేకుండా అంచు మాత్రమే ఉన్న రింగుకి ఓ కాడ తగిలిస్తారు. దాన్ని పెదవుల మీద ఆనించి, అద్దం ముందు నిలబడి ఊదితే లోపలి సంగతంతా కళ్లెదుటే.

ఒక్క ఫిర్యాదు చెప్పుకోనివ్వండి. ఈ కొలతల పేర్లున్నాయే! షిల్కీ వాళ్లది 30. యమహా వాళ్లది 30సీ4. పాక్స్‌మన్ వాళ్లది 4సీ. ఒకరి లెక్క ఇంకొకరి కొట్లో చెల్లదు. అమెరికా వాళ్లు చిల్లుని డ్రిల్లు నంబరుతో చెబుతారు. 10 అంటే 4.9 మిల్లీమీటర్లు. 16 అంటే నాలుగున్నర. అంకె పెరిగితే చిల్లు తగ్గుతుంది! ఇదేం న్యాయమండీ?

మన నాదస్వర విద్వాంసులు పీకల్ని దారానికి కట్టి వాయిద్యానికే వేలాడేసుకున్నట్టు, హార్న్ వాళ్లు మౌత్‌పీస్‌ని ఒంటిని వదలనివ్వరు. చలిదేశాల్లో లోహం పెదవికి చురుక్కుమంటుంది కదా, జేబులో వేసుకుని వెచ్చబెట్టుకుంటారు. హార్న్‌లో పెట్టేటప్పుడు కొద్దిగా మెలితిప్పి వదిలేస్తారు. అరచేత్తో ఒక్కటి వేశారో, ఇరుక్కుని కూర్చుంటుంది. ఇక దాన్ని లాగడానికి వేరే పనిముట్టు తేవాలి.

ఎక్కడైనా చేతికి దొరికితే ఓ పని చేయండి. వెడల్పు వైపుని అరచేతి మీద టప్‌మని కొట్టండి. చిన్న స్వరం పలుకుతుంది. లోపలి ఖాళీ ఎంత, చిల్లు ఎంత అన్నదాన్ని బట్టి ఆ స్వరం మారుతుంది. ఊదకుండానే తన గుణం చెప్పేస్తుందన్నమాట.

ఇంతా విని ఊరికే పోతారా? బెంజమిన్ బ్రిటెన్ 1943లో టెనర్ గాత్రానికీ, హార్న్‌కీ, తంత్రీవాద్యాలకీ ‘సెరెనేడ్’ రాశాడు. డెనిస్ బ్రెయిన్ అనే కుర్ర విద్వాంసుడి కోసం. మొదట్లో హార్న్ ఒక్కటే పలుకుతుంది. మీటలు ముట్టకూడదని స్వరకర్త ఆజ్ఞ. ఒకట్రెండు స్వరాలు మన చెవికి కాస్త శ్రుతి తప్పినట్టుంటాయి, అవి గొట్టం సహజంగా ఇచ్చే స్వరాలు, కావాలనే ఉంచాడు. 1944లో బ్రెయినే వాయించిన రికార్డు ఉంది. ఇవాళే వినండి. రేపు కనపడితే మాత్రం అడుగుతాను.