మెదకు గుడి కిటికీలు, మన పేరులేని పనివారు



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల విశ్వాసులకు మెదకు కెథడ్రల్ క్రొత్త కాదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేవరకు మనదంతా మెదకు జిల్లాయే. జిల్లా కార్యాలయాలు సంగారెడ్డిలో ఉండేవి, జిల్లాకు పేరిచ్చిన ఊరు మాత్రం మెదకు. క్రిస్మస్‌కో, గుడ్ ఫ్రైడేకో అక్కడికి వెళ్లి వచ్చినవారు మన ఇండ్లలో చాలమంది ఉన్నారు. అయితే జనాన్ని చూసి వచ్చినవారే గాని, గుడిలోని మూడు రంగుటద్దాల కిటికీల ఎదుట కాసేపు కూర్చున్నవారు తక్కువ. వాటిని చిత్రించిన వాని పేరు ఎరిగినవారు ఇంకా తక్కువ. అందుచేత ఈ నెల వాటిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము.

మేము వెళ్లినది ఒక శనివారం. స్త్రీల సమాజము వారు, యౌవనస్థులు కలిసి ముప్పదిమందిమి తెల్లవారుజామున బస్సెక్కాము. రాత్రి షిఫ్టు దిగినవారు, పగటి షిఫ్టుకు పోయేవారు పటాన్‌చెరు రోడ్డు మీద ఒకరికొకరు ఎదురుపడే వేళ అది. బొంబాయి హైవే మీద ఇస్నాపూర్, రుద్రారం దాటి, సంగారెడ్డిలో మిగిలినవారిని ఎక్కించుకొని నర్సాపూర్ దారి పట్టాము. పొగగొట్టాలు వెనుకబడి అడవి రాగానే బస్సులో కీర్తనలు మొదలైనవి. ఒక యౌవనస్థుడు మాత్రం పాడలేదు. అతడు పాశమైలారంలో పనిచేస్తాడు. 2025 జూన్ 30న అక్కడి ఒక మందుల సంబంధమైన కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా మరణించిన సంగతి మీకు తెలుసు. ఇతని కంపెనీ అది కాదు. అయినా చనిపోయినవారిలో ఇద్దరు ఇతనితో ఒకే హోటల్లో టీ త్రాగేవారట. అప్పటినుండి తల్లి ఇతనిని పనికి పోవద్దంటున్నది. పోకపోతే ఇల్లు గడవదు. ఆ బరువుతోనే అతడు మా వెంట వచ్చాడు.

కౌడిపల్లి, కొల్చారం దాటి మెదకు చేరాము. 175 అడుగుల గోపురం. గుడి వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్ నాటికి నిండు నూరేండ్లు. కట్టించినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు. లోపల నేలమీద రంగుల పలకలు పరచి ఉన్నవి. అవి ఇంగ్లాండు నుండి వచ్చినవని, పరచినది ఇటలీ పనివారని చెబుతారు.

బలిపీఠము వెనుక కనబడేది ఆరోహణ కిటికీ. ఇరుప్రక్కల ఒకదానిలో క్రీస్తు జననము, మరొకదానిలో సిలువ. వీటిని చిత్రించినవాడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ. ఇతడు 1874లో ఇంగ్లాండులోని హార్పెండెన్ అనే ఊరిలో పుట్టాడు. పదునైదేండ్ల వయస్సులో అన్నగారి రంగుటద్దాల పనిశాలలో పని నేర్చుకొనుటకు చేరాడు. తరువాత మనుష్యుల చిత్తరువులు గీయుటలో గొప్ప పేరు తెచ్చుకొన్నాడు. ఇంగ్లాండు రాజకుటుంబీకులు, చర్చిల్, అమెరికా అధ్యక్షులు ఇతని ఎదుట కూర్చున్నారు. ఇతడు గీసిన రూజ్వెల్ట్ చిత్తరువు శ్వేతసౌధానికి చేరింది. 1937లో ఆరవ జార్జి పట్టాభిషేక దృశ్యాన్ని చిత్రించినవాడు ఇతడే. మెథడిస్టు విశ్వాసి గనుక జాన్ వెస్లీ చిత్తరువు కూడా గీశాడు.

ఈ కిటికీలు ఒక్కసారే వచ్చినవి కావు. ఆరోహణ 1927లో, జననము 1947లో, సిలువ 1958లో అమర్చబడినవి. ప్రభువు జీవితములో చివర జరిగినది ఇక్కడ మొదట వచ్చింది. జననపు కిటికీ వచ్చిన 1947లోనే మన దేశానికి స్వాతంత్ర్యము, సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘానికి ఆరంభము. సిలువ కిటికీ వచ్చేనాటికి సాలిస్‌బరీకి ఎనుబది మూడేండ్లు దాటినవి. 1962లో ఆయన కన్నుమూశాడు. బాల్యములో పట్టిన అద్దాల పని వృద్ధాప్యము వరకు ఆయనను విడువలేదు.

ఈ పని ఎలా చేస్తారో మన ఫ్యాక్టరీ తమ్ముళ్లకు చెబితే తేలికగా అర్థమవుతుంది. గాజు కరిగి ఉన్నప్పుడే అందులో లోహపు భస్మాలు కలుపుతారు. కోబాల్టు కలిపితే నీలము, రాగి లేక బంగారము కలిపితే ఎరుపు వస్తుంది. ఆ గాజును నమూనా ప్రకారం ముక్కలుగా కోస్తారు. కన్ను, పెదవి, బట్ట ముడత వంటి గీతలను గాజుపొడి, ఇనుప భస్మము కలిపిన రంగుతో వ్రాసి మరల కొలిమిలో కాలుస్తారు. అప్పుడే ఆ గీత గాజుకు అంటుకొని నిలుస్తుంది. తరువాత ముక్కలను సీసపు పట్టీల మధ్య కూర్చి అతుకుతారు. దీపపు వెలుగులో గోడమీది బొమ్మను చూడవచ్చు గాని, దీనిని లోపలినుండి చూడాలంటే బయట సూర్యుడుండాలి. చీకటి పడితే ఎంత గొప్ప కిటికీ అయినా నల్లని పలకయే.

మేము ఆరోహణ కిటికీ ఎదుట కూర్చున్నప్పుడు మాలో పెద్దవయస్సుగల ఒక అవ్వ అడిగింది. "అయ్యగారూ, కరువు కాలంల కట్టిండ్రంటరు గదా. తినతందుకే లేనప్పుడు గింత పెద్ద గుడి ఎందుకయ్యా?"

మంచి ప్రశ్న. ఆ కరువే ఈ గుడికి కారణమని మేము చెప్పాము. మొదటి ప్రపంచ యుద్ధము, వానలు లేని యేండ్లు ఒకదానిమీద ఒకటి వచ్చినప్పుడు చుట్టుప్రక్కల పల్లెల ప్రజలు బ్రదుకుతెరువు కోరి వచ్చారు. ఊరికే పంచిపెట్టుటకంటె పని ఇచ్చి తిండి పెట్టుట మేలని పాస్నెట్ దొరగారు ఎంచారు. రాయి మోసినవాడు భిక్షగాడు కాలేదు. సాయంకాలమున తన కష్టపు గింజలు తాను ఇంటికి తీసికొని పోయాడు.

అవ్వ తల ఊపింది. అప్పుడు ఆ యౌవనస్థుడు నోరు తెరిచాడు. "రాజుల మొఖాలు గీసినాయన పేరు ఉన్నది, కట్టించిన దొర పేరు ఉన్నది. రాళ్లు మోసినోళ్ల పేర్లు ఎక్కడున్నయయ్యా? మా దగ్గర గూడ గంతే. ఆ రోజు కొందరి మొఖాలు గుర్తుపట్టరాలే. డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే గాని తల్లికి బిడ్డ శవం దొరకలే."

వెంటనే ఎవరమును మాట్లాడలేకపోయాము. పేలుడులో పోయినవారిలో బీహారు, ఒరిస్సా, ఉత్తరప్రదేశ్ నుండి పొట్టకూటికి వచ్చినవారు అనేకులు. మన గుడి ప్రక్క గదులలో అద్దెకుండి కూడా పేరు తెలియకుండానే వెళ్లిపోయినవారు వారు. ఎదుట ఉన్న కిటికీలో పైకి వెళ్లుచున్న ప్రభువు, ఆయనను చూచుచున్న శిష్యులు. ఆ శిష్యులు జాలరులు, సుంకరులు, చెమటోడ్చినవారు. రాజులను గీసిన కుంచె అక్కడ పనివారి ముఖాలను వెలుగులో నిలిపింది. దూతలు ఆ శిష్యులను ఆకాశము చూస్తూ అక్కడే ఉండనీయక ఊరికి పంపిన సంగతి మీరు చదివినదే. పనివాని పేరును వెలుగులో నిలుపుట ఊరిలో ఉన్న మన పని.

ఆ యౌవనస్థుడు పని మానలేదు. పాశమైలారం వెళ్తూనే ఉన్నాడు. అయితే మా సంఘములో రెండు పనులు మొదలైనవి. షిఫ్టులకు పోయేవారి పేర్లు, వారు పనిచేసే విభాగము, ఇంటివారి ఫోను నంబరు ఒక పుస్తకములో వ్రాసి ఉంచుతున్నాము. అద్దెకున్న పరదేశుల పేర్లు కూడా. ఆదివారము ప్రార్థనలో వారిని పేరుపేరున తలంచుచున్నాము. రెండవది, ప్రమాదము జరిగితే బయటికి పోయే దారి ఎటు, ఎవరికి చెప్పాలి అనే సంగతులు వారంతట వారే కంపెనీలో అడిగి తెలిసికొనునట్లు ప్రోత్సహిస్తున్నాము. తల్లికి భయము పూర్తిగా పోలేదు గాని, ఆమె కొడుకు పేరు ఇప్పుడు ఆమె ఒక్కతె నోట మాత్రమే లేదు.

మీరు మెదకు వెళ్లదలిస్తే పండుగ రోజున గాక మామూలు దినమున, ఎండ బాగా ఉన్న పూట వెళ్లండి. పిల్లలకు మూడు కిటికీల కథ చెప్పండి. తిరిగి వచ్చిన తరువాత మీ ఊరి గుడి కట్టినప్పుడు ఇటుకలు మోసిన ముసలివారిని అడిగి, వారితో కలిసి పనిచేసినవారి పేర్లు సంఘపు పుస్తకములో వ్రాయించండి. వారు ఉండగానే ఈ పని జరగాలి.